ఎస్తేరక్క గడువు

పోయిన వానాకాలం మా ఇంట్లో అందరం ఒక తారీకును చూసి భయపడ్డాం. ఆగస్టు ఇరవై తొమ్మిది. ఆ రోజుతో మా యారాలు, అంటే తోడికోడలు, ఎస్తేరక్క వీసా గడువు తీరిపోతుంది. క్యాలెండరు మీద ఎవరూ దానికి గుర్తు పెట్టలేదు. పెట్టకపోయినా అటువైపు వెళ్ళిన ప్రతిసారీ నా కళ్ళు ఆ గడి మీదికే పోయేవి.

ఎస్తేరక్కది ఫిలిప్పీన్స్. మా బావ సిద్ధిరాములు కువైట్‌లో ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవరుగా ఉన్నప్పుడు, ఆమె అదే ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. పన్నెండేళ్ళ కింద పెళ్ళి చేసుకుని ఎల్లారెడ్డికి తీసుకొచ్చాడు. మొదట్లో మా గల్లీలో అందరూ నేపాలామె అన్నారట. తర్వాత కువైటామె అన్నారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఎస్తేరమ్మ అయింది. బియ్యం డబ్బా ఎక్కడుంటుందో, బోరు మోటరు ఎలా వేయాలో నాకు చూపించింది ఆమే. మక్క గటక నాకంటే బాగా వండుతుంది. మాట కూడా మా మాటే. ఒక్కటే తేడా, చిన్నా పెద్దా లేకుండా అందరినీ 'నువ్వు' అంటుంది. బావ ఎంత నేర్పినా 'మీరు' అనడం ఆమెకు పట్టుబడలేదు.

బావ ఫాల్గుణంలో పోయాడు. పొలానికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళి, బోరు దగ్గర గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె అన్నారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఏటేటా వీసా పొడిగించే పని ఆయనే చూసుకునేవాడు. ఈ దేశపు పౌరసత్వం కోసం దరఖాస్తు కూడా రెండేళ్ళ కింద ఆయనే పెట్టించాడు. అది ఎక్కడో నడుస్తూ ఉందని తప్ప మాకేమీ తెలియదు. జూలైలో కామారెడ్డి పోలీసు ఆఫీసు నుంచి ఎస్తేరక్కకు ఫోను వచ్చినప్పుడు, అవతలి మనిషి మీ ఆయన్ని తీసుకుని రమ్మన్నాడు. ఆమె సరే అని ఫోను పెట్టేసింది. లేడని చెప్పడానికి భయపడింది.

ఇద్దరం బస్సులో వెళ్ళాం. విదేశీయుల కాగితాలు చూసే సీట్లో ఒక మేడం ఉంది. యాభై ఏళ్ళుంటాయి. ఫైలు ముందుకూ వెనక్కూ తిప్పి, భర్త సంతకం ఏదని అడిగింది.

"లేడు," అంది ఎస్తేరక్క.

"ఊళ్ళె లేడా?"

"సచ్చిపోయిండు. కాయిదం ఉంది, నువ్వు చూడు."

ఆ 'నువ్వు' విని నేను మేడం మొహంలోకి చూశాను. మేడం పట్టించుకోలేదు. మరణ ధ్రువీకరణ పత్రాన్ని నెమ్మదిగా చదివింది. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. ఇన్నేళ్ళూ ఈ వీసా ఇచ్చింది ఇక్కడి మనిషి భార్య అని. ఇప్పుడు ఆ మనిషే లేడు. కాబట్టి భర్త తరఫు కుటుంబం ఒక లేఖ రాసి ఇవ్వాలి. ఈమె మా ఇంట్లోనే ఉంటుంది, మేమే చూసుకుంటాం, ఏదున్నా మాదే బాధ్యత అని. అది ఇరవై తొమ్మిది లోపల తన టేబుల్ మీద ఉండాలి. పౌరసత్వం ఫైలు సంగతి తన చేతిలో లేదని, పైకి రాస్తామని, ఇంటికి విచారణకు మనిషి వస్తాడని కూడా చెప్పింది.

"గడువు దాటితే ఏమైతది మేడం?" అని నేను అడిగాను.

"దాటనియ్యకుండ్రి," అంది ఆమె. అంతకంటే ఏమీ చెప్పలేదు. ఏదైనా చెప్పి ఉంటే అంత భయం వేసేది కాదేమో.

తిరుగు బస్సులో ఎస్తేరక్క కిటికీ పక్కన కూర్చుని నాట్లు వేస్తున్న మళ్ళను చూస్తూ వచ్చింది. ఊరు దగ్గర పడుతుండగా, స్నిగ్ధ ఏ దేశపు పిల్ల అని అడిగింది. స్నిగ్ధ వాళ్ళ బిడ్డ, తొమ్మిదేళ్ళది, కామారెడ్డి దవాఖానలో పుట్టింది. పిల్ల ఈడిదే కదా అక్కా అన్నాను. ధైర్యం చెప్పాననుకున్నాను. ఆమె తల ఊపింది. ఆ జవాబు ఆమెకు ఏ వైపు నుంచి తగిలిందో నాకు ఇంటికి వెళ్ళాక గానీ తెలియలేదు. తనను పంపించేస్తే పిల్ల వెంట రాదు.

మా ఆయన రమేశ్‌కు బస్టాండు రోడ్డులో మోటార్ వైండింగ్ షాపు ఉంది. చెడ్డవాడు కాదు. అన్న పాడె మోసిన రోజు నుంచి మాట తగ్గిపోయింది, అంతే. జిరాక్సు సెంటర్లో టైపు చేయించిన లేఖను అన్నం తినే ముందు ఆయన చేతికిచ్చాను. రెండుసార్లు చదివాడు. చూద్దాం అన్నాడు. మర్నాడు షాపుకు తీసుకెళ్ళి డెస్కు సొరుగులో పెట్టాడు. నేను అడిగిన ప్రతిసారీ చూద్దామనే అన్నాడు.

ఆ ఆదివారం పిట్లం నుంచి రమేశ్ వాళ్ళ మేనమామ హన్మండ్లు వచ్చాడు. మంచం మీద కూర్చుని, పెరుగన్నం తిని, చాలా నెమ్మదిగా చెప్పాడు.

"సంతకమంటే ఉత్తదా బిడ్డా? పోలీసోళ్ళ కాయిదం. రేపు ఏమన్నయితే నీ మెడకు సుట్టుకుంటది. ఆమెకు ఆమె దేశముంది, తల్లిగారోళ్ళున్నరు. పోతే పోయింది. పిల్ల మనది, భూమి మనది."

బావ పేరు మీద బోరు కింద రెండెకరాలుంది. రమేశ్ కాదనలేదు. వంటింట్లో ఎస్తేరక్క ఉల్లిగడ్డ కోస్తున్న చప్పుడు ఆగింది. కొంచెం సేపటికి మళ్ళీ మొదలైంది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. దాచుకుంటే ఈ కథ చెప్పడంలో అర్థం లేదు. నాకు పెళ్ళయి తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. నిజామాబాద్‌లో చూపించుకున్నాం, హైదరాబాద్‌లో చూపించుకున్నాం, మానుకున్నాం. నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు స్నిగ్ధ ఉయ్యాలలో ఉంది. నా చేతుల మీదే నడక నేర్చింది. మామ 'పిల్ల మనది' అన్నప్పుడు నాకు భూమి గుర్తు రాలేదు. ఆ మాటలోని మొదటి సగమే నా లోపలికి దిగింది. దిగిన చోట చల్లగా అనిపించింది. ఎంతసేపో కాదు, ఒక్క క్షణం. కానీ అనిపించింది.

ఆ తర్వాత రెండో రోజో మూడో రోజో, బడి టైముకు స్నిగ్ధ దువ్వెన పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "ఇగ నుంచి చిన్నమ్మ ఏస్తది జడ, పో అన్నది అమ్మ," అని చెప్పి నా ముందు చతికిలబడింది. నేను వాకిట్లోకి చూశాను. ఎస్తేరక్క అటు తిరిగి బోళ్ళు తోముతోంది. ఆ వారమంతా ఇలాంటివే. గ్యాసు ఎలా ఆపాలో పిల్లకు చూపించింది. జ్వరమొస్తే ఏ మందు పడదో నాకు రాసిచ్చింది. రాత్రి పిల్లను నా పక్కన పడుకోబెట్టి, ఉక్కపోత అని తాను వరండాలోకి వెళ్ళింది. ఎక్కడికీ పోతున్నానని అనలేదు. నన్నూ పిల్లనూ ఒకరికొకరికి అలవాటు చేస్తోంది.

పిల్ల జుట్టు మెత్తగా, బరువుగా ఉంటుంది. మూడు పాయలు చేసి అల్లుతుంటే నా వేళ్ళకు హాయిగా ఉండేది. అల్లడం అయిపోయాక ఆ హాయిని చూసి నాకే భయం వేసేది. రమేశ్ సొరుగులోని కాగితం గురించి అడగడం నాలుగు రోజులుగా మానేశానని ఒక పొద్దున గుర్తొచ్చింది. ఆ రోజు పిల్ల జడ సగంలో వదిలేసి, లోపలికి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

అప్పటి నుంచి మళ్ళీ అడిగాను. తారీకు ఇరవై దాటింది, ఇరవై అయిదు అయింది. గల్లీలో ఏ బండి ఆగినా ఎస్తేరక్క చేతిలో పని ఆగిపోయేది. ఆదివారం చర్చికి వెళ్ళడం కూడా మానేసింది.

ఇరవై ఏడున వినాయక చవితి. ముందు రాత్రి మొదలైన వాన తెల్లారినా తగ్గలేదు. అది వానలా లేదు. మా జిల్లాలో ముసలివాళ్ళు కూడా అలాంటిది చూడలేదన్నారు. మధ్యాహ్నానికి మా వాకిట్లో మోకాలి లోతు నీళ్ళు. గల్లీ చివర మండపంలో గణపతిని బెంచీల మీదికి ఎత్తారు. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. రాజంపేట వైపు ఊళ్ళకు ఊళ్ళే మునిగాయని, కామారెడ్డిలో కార్లు కొట్టుకుపోయాయని, మన రోడ్డు మధ్యలో వాగు దగ్గర తెగిపోయిందని ఒకరి నుంచి ఒకరికి కబుర్లు వచ్చాయి. రమేశ్ షాపులో మోటార్లు పైకెత్తి, నడుము దాకా తడిసి ఇంటికి వచ్చాడు. ఆయనకు తువ్వాలు ఇస్తూ లేఖ సంగతి అడిగాను.

"రోడ్లే లేవు. యాడికి పోతరు?" అన్నాడు.

ఆయన గొంతులో కోపం లేదు. ఏదో బరువు దిగినట్టుంది. తాను అనలేని మాటను వాన అంటోందని ఆయనకు ఊరటగా ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆయన్ని చూసి నేను భయపడింది ఆ ఒక్కసారే.

ఇరవై ఎనిమిది కూడా అలాగే గడిచింది. ఇరవై తొమ్మిది పొద్దున వాన సన్నబడింది. చీలకు తగిలించిన షాపు తాళం తీసుకుని వెళ్ళాను. లోపలంతా బురద. సొరుగు చెక్క ఉబ్బిపోయి రాలేదు. స్క్రూడ్రైవరుతో లాగితే వచ్చింది. లేఖ అట్టముక్కలా తడిసి ఉంది. అక్షరాలు చెదిరిపోయాయి. కింద సంతకం చోటు మాత్రం తెల్లగా ఉంది.

ఇంటికి వచ్చి స్నిగ్ధ నోటుబుక్కులోంచి రెండు కాగితాలు చింపాను. టైపు చేయించినప్పుడు చదివిన మాటలు గుర్తున్నంతవరకు చేత్తో రాశాను. కుటుంబం రాసివ్వాలని మేడం చెప్పింది గానీ మగవాళ్ళే రాయాలని చెప్పలేదు. బీర్కూరులో పుట్టి, ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నేను కూడా కుటుంబమే కదా అనుకున్నాను. అలా అనుకోవడానికి నాకు నెల రోజులు పట్టింది. అడుగున సాయిలత అని సంతకం చేశాను. రమేశ్ గోడకు ఆనుకుని అంతా చూశాడు. వద్దనలేదు.

ఫైలును యూరియా సంచిలో చుట్టుకుని ఇద్దరం బయలుదేరాం. స్నిగ్ధను పక్కింటి వాళ్ళకు అప్పజెప్పాం. వాగు దాకా ఎవరిదో ట్రాక్టరు దొరికింది. అక్కడ తారు రోడ్డు కొరికేసినట్టు ఆగిపోయింది. అవతల మళ్ళీ మొదలైంది. మధ్యలో ఎర్రటి నీళ్ళు. ఊరివాళ్ళు రెండు వైపులా తాడు కట్టి, అవసరమున్నవాళ్ళను పట్టుకుని దాటిస్తున్నారు. ఎస్తేరక్క సంచిని తల మీద పెట్టుకుని, ఒక చేత్తో దాన్ని పట్టుకుంది, ఇంకో చేత్తో తాడు పట్టుకుంది. నీళ్ళు నడుముకు వచ్చినప్పుడు ఆగిపోయింది.

"లతా, నీకు పిల్లంటే మస్తు ఇష్టం," అంది, వెనక్కి తిరగకుండా.

ఆమెకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. తెలిసే దువ్వెన ఇచ్చి పంపింది.

"నడువు అక్కా," అన్నాను. "నీళ్ళు పెరుగుతున్నయి."

అవతల ఒక వ్యాను ఎక్కించుకుంది. కామారెడ్డి చేరేసరికి మూడు దాటింది. ఆఫీసులో మేడం సీటు ఖాళీగా ఉంది. వరద డ్యూటీకి వెళ్ళింది, ఇవాళ వస్తుందో రాదో అన్నారు. కాగితం తీసుకుని ఉంచమంటే, తన పని కాదని ఒకరు, తనకు తెలియదని ఒకరు అన్నారు. బెంచీ మీద తడి బట్టలతో కూర్చున్నాం. గోడ గడియారం నాలుగు కొట్టింది, నాలుగున్నర అయింది. ఎస్తేరక్క పెదవులు కదులుతున్నాయి. ఏ భాషలో ప్రార్థిస్తోందో నాకు వినపడలేదు.

అయిదుకు పది నిమిషాలుందనగా మేడం వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. మమ్మల్ని చూసి, ఎట్లా వచ్చారని మాత్రం అడిగింది. నేను లేఖ ఇచ్చాను. నిలబడే చదివింది.

"నువ్వు ఆమెకు ఏమైతవు?"

"యారాలిని."

"మీ ఆయన సంతకం లేదేంది?"

"ఆయన రాలె మేడం. నేనొచ్చిన."

ఆమె నా మొహం వైపు కొంచెం ఎక్కువసేపే చూసింది. తర్వాత కుర్చీలో కూర్చుని, కాగితం మీద ముద్ర కొట్టి తారీకు వేసింది. ఇరవై తొమ్మిది. మేం లేస్తుంటే ఒక మాట చెప్పింది. విచారణకు వచ్చే మనిషి మా ఆయన్ని కూడా అడుగుతాడట. అప్పుడు ఆయన నోటి నుంచి వేరే మాట వస్తే ఈ కాగితం ఉత్తదే అవుతుందట.

ఆ మాటతో ఇరవై తొమ్మిది అయిపోయింది గానీ భయం అయిపోలేదు. ఇప్పుడు దానికి తారీకు కూడా లేదు. ఏ రోజైనా రావచ్చు.

రమేశ్ నాతో మాట్లాడలేదు. పెట్టింది తిని షాపుకు వెళ్ళేవాడు. బురద కడిగాడు, మోటార్లు ఆరబెట్టాడు. వరదలో మునిగిన బోరు మోటార్లన్నీ ఆయన దగ్గరికే వచ్చాయి, ఊపిరాడని పని. పిట్లం మామ ఫోన్లు చేస్తున్నాడని తెలుసు. ఏమంటున్నాడో తెలియదు. ఎస్తేరక్క ఆయన ఎదుట పడకుండా తిరిగేది. ఒకే కప్పు కింద ముగ్గురం ఒకరి అడుగుల చప్పుడు ఒకరు వింటూ బతికాం.

బతుకమ్మ ఇంకో నాలుగు రోజులుందనగా ఒక పొద్దున, మా వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. హెడ్ కానిస్టేబుల్, పేరు జమీర్ అని చెప్పాడు. అప్పటికే పక్కిళ్ళలో అడిగి వచ్చాడు. రమేశ్ షాపుకు బయలుదేరబోతున్నాడు. ఎస్తేరక్క నల్లా దగ్గర తడి చేతులతో అలాగే నిలబడిపోయింది. నేను గడప మీద కూర్చుని స్నిగ్ధకు జడ వేస్తున్నాను. నా వేళ్ళు ఆగిపోయాయి.

జమీర్ కుర్చీలో కూర్చుని కాగితాలు తీశాడు. నేను రాసిన నోటుబుక్కు కాగితం పైనే ఉంది.

"ఎస్తేర్ అనే ఆమె గురించి మీ ఇంటామె రాసిచ్చింది. నీకు ఎరుకేనా?" అని రమేశ్‌ను అడిగాడు. "ఈమె నీకు ఏమైతది?"

రమేశ్ చేతికి అంటిన నూనె మరకను బొటనవేలుతో రుద్దుకుంటూ నిలబడ్డాడు. పిల్ల తల తిప్పి చిన్నాన్న వైపు చూసింది. గల్లీలో ఎవరో పూలు అమ్ముకుంటూ వెళ్ళారు. ఆ కేక దూరమై వినపడకుండా పోయింది.

"మా వదినె," అన్నాడు. "ఈడనే ఉంటది."

జమీర్ రాసుకున్నాడు. ఇంకా ఏవో అడిగాడు, ఎన్నేళ్ళ నుంచి ఉంటోంది, ఎవరైనా బయటివాళ్ళు వస్తుంటారా, అలాంటివి. రమేశ్ అన్నిటికీ చెప్పాడు. చూపించిన చోట సంతకం చేశాడు. బావ పోయాక ఆయన నోట వదినె అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. అన్ని నెలలూ 'ఆమె' అనే అన్నాడు.

బండి వెళ్ళిపోయాక ఎస్తేరక్క నల్లా పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. రమేశ్ ఆమె వైపు వెళ్ళలేదు. నా పక్కన గడప మీద కూర్చున్నాడు. విచారణలో వేరే రకంగా చెప్తానని మామకు మాటిచ్చానన్నాడు. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఏమో. ఆమె నాకు ఏమైతదని అడిగె కదా. వేరే మాట దొరకలె."

మామ ఆ తర్వాత మా ఇంటికి రాలేదు. మర్నాడు స్నిగ్ధ దువ్వెన తీసుకుని నా దగ్గరికే వస్తుంటే, అమ్మ దగ్గరికి పో అన్నాను. పోయింది. ఆ పూటంతా నా చేతులకు ఏ పనీ తోచలేదు.

తర్వాతివి త్వరగా చెప్తాను. వీసా ఒక ఏడాదికి పొడిగించారు. చలికాలంలో పౌరసత్వం ఫైలు మీద కూడా ఉత్తరం వచ్చింది. ఇస్తాం, కానీ ముందు పాత దేశాన్ని వదులుకున్నట్టు కాగితం తెమ్మన్నారు. అంటే పాస్‌పోర్టు వాళ్ళ దేశపు ఆఫీసుకు పంపేయాలి. రిజిస్టర్ పోస్టు చేయడానికి వెళ్ళినప్పుడు కౌంటరు లోపలి మనిషి కవరు పట్టుకుని లాగుతుంటే ఎస్తేరక్క ఇవతలి కొస వదల్లేదు. నేనే ఆమె వేళ్ళు విప్పాను. ఇంటికి వస్తూ, ఇప్పుడు తాను ఆడిదీ కాదు, ఈడిదీ కాదు అంది. అలా ఏ దేశానిదీ కాకుండా రెండు నెలలకు పైగా ఉంది. ఆ రోజుల్లో గేటు దాటలేదు. ఎవరైనా ఆపి నువ్వెవరని అడిగితే చూపించడానికి ఏమీ లేదని.

ఎండలు మొదలయ్యాక ఆ వదులుకున్న కాగితం వచ్చింది, ప్రమాణం చేయడానికి కామారెడ్డి కలెక్టరేట్‌కు రమ్మన్నారు. రమేశ్ షాపు మూసి మాతో వచ్చాడు. ఒక ఆఫీసరు ప్రమాణం చదువుతుంటే ఎస్తేరక్క వెంట చెప్పింది. కష్టమైన తెలుగు మాటలు. రెండు చోట్ల తడబడింది. ఆయన ఆగి మళ్ళీ చెప్పాడు. సంతకాలు తీసుకున్నారు. క్లర్కు పౌరసత్వం కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఆమె చేతికిచ్చాడు.

"అయిపోయిందమ్మా. ఇగ నువ్వు పోవచ్చు."

ఎస్తేరక్క కవరును రెండు చేతులతో గుండెకు పట్టుకుని, కుర్చీలోంచి లేవలేదు.

"యాడికి?" అని అడిగింది.

క్లర్కుకు అర్థం కాలేదు. ఆమె నా వైపు తిరిగింది. ఆమె పరిహాసానికి అనలేదు. ఆ కళ్ళు చూస్తే తెలుస్తుంది.

"ఇంటికే అక్కా," అన్నాను. "ఎల్లారెడ్డికి."